ఫాల్కే అవార్డుల లిస్టులో 1973 దగ్గర ఉన్న రూబీ మైయర్స్ ఎవరండీ?

మళ్ళీ_గ్రూప్స్:

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నా, నిన్న రాత్రి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డుల లిస్టు బట్టీ కొడుతూ కూర్చున్నా. 1969 దేవికా రాణి, 71 పృథ్వీరాజ్ కపూర్, 74 మన బి.ఎన్. రెడ్డి గారు, 82 ఎల్.వి. ప్రసాద్ గారు, 90 అక్కినేని, వీళ్ళు ఎలాగోలా గుర్తుండిపోతారు. 1973 దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ బండి ఆగిపోతోంది. రూబీ మైయర్స్, పక్కన బ్రాకెట్లో సులోచన. పేరు చూస్తే ఇంగ్లీషు దొరసాని, బ్రాకెట్లో ఇంద్రజిత్తు భార్య!

కాస్త వెతికితే మూకీల కాలం నటి అని, అప్పట్లో బొంబాయి గవర్నర్ కంటే ఎక్కువ జీతం తీసుకుందని, టాకీలు వచ్చాక హిందీ రాక మన తొలి టాకీ 'ఆలం ఆరా'లో వేషం పోయి కెరీర్ అక్కడితో అయిపోయిందని ఒక వీడియోలో చెప్పాడు. కెరీర్ అయిపోయిన మనిషికి నలభై ఏళ్ళ తర్వాత పిలిచి ఫాల్కే ఎందుకిస్తారు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మనిషి కథ తెలిస్తే నాకు పేరు మరిచిపోవడం ఉండదు, అందుకే అడుగుతున్నా.

బందరు_లడ్డు:

సులోచన అంటే పాత హిందీ సినిమాల్లో హీరోలకి అమ్మగా వేసేదే కదా బ్రో, తెల్ల చీర, కళ్ళనిండా నీళ్ళు. ఆమెకి ఫాల్కే వచ్చిందా? నాకూ తెలీదు.

పాతరీలు:

లడ్డు గారూ, మీరు చెప్పేది సులోచన లాట్కర్. ఆమె మరాఠీ ఆవిడ, 2023లో పోయారు. ఈ సులోచన వేరే. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మీ తప్పేం లేదు.

గ్రూప్స్ గారికి కాస్త పెద్దగానే రాస్తాను, ఆదివారం కాబట్టి టైముంది.

రూబీ మైయర్స్ 1907లో పూణేలో పుట్టింది, బాగ్దాదీ యూదుల కుటుంబం. చదువుకున్నాక బొంబాయిలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం చేసేది. కోహినూర్ ఫిల్మ్ కంపెనీలో పనిచేసే మోహన్ భవనానీ ఆమెను చూసి సినిమాల్లోకి రమ్మన్నాడు. ఆమె ముందు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో సినిమా అంటే ఇంట్లో పేరెత్తలేని వృత్తి. ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషానికి ఆడమనిషి దొరక్క అన్నా సాళుంకే అనే మగాడితో చీర కట్టించి వేయించాడు కదా, ఆ కథ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. పన్నెండేళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. భవనానీ మాత్రం పట్టు విడవకుండా చివరికి ఒప్పించాడు. 1925లో 'వీర్ బాలా'తో తెరమీదికి వచ్చింది. నటన ఏమీ తెలియదు, నాటకాలు వేసింది లేదు. రూబీ మైయర్స్ అన్న పేరు పోస్టరు మీద పనికిరాదని సులోచన అని పెట్టారు. మంచి కళ్ళున్నది అని అర్థం, ఆమెకైతే సరిగ్గా సరిపోయింది (మన దగ్గర సులోచనాలంటే కళ్ళజోడు, అది వేరే విషయం).

ఆ తర్వాత రెండు మూడేళ్ళలో ఆమెను మించిన స్టార్ లేదు. 1926లో 'టైపిస్ట్ గర్ల్', 1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'. ఈ రెండో దాని గురించి చెప్పకుండా ఉండలేను. అందులో ఆమె ఒక్కతే ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, వీధి పిల్లాడు, అరటిపళ్ళు అమ్మే మనిషి, బంగారు జుట్టు దొరసాని, వీటితో పాటు ఒక హైదరాబాదీ పెద్దమనిషి కూడా! మనం అక్కినేని 'నవరాత్రి'(1966)లో తొమ్మిది వేషాలు వేశారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇరవై ఏళ్ళ పిల్ల 1927లోనే ఎనిమిది వేసింది, అందులో కొన్ని మగవేషాలు.

ఆమె సినిమాల పేర్లు వరసగా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. టైపిస్ట్ గర్ల్, ఇందిరా బి.ఎ. (1929), టాకీల్లో ఇందిరా ఎం.ఎ. (1934). అంతటా సతులూ దేవతలూ తిరుగుతున్న కాలంలో ఈమె ఉద్యోగం చేసుకునే ఆడపిల్లగా, డిగ్రీ చదివిన ఆడపిల్లగా వేసింది. తనూ ఉద్యోగం చేసుకునే పిల్లే కదా, అందుకే ఆ వేషాల్లో అతికినట్టు ఉండేదని నా అనుకోలు.

ఇక మీ అసలు ప్రశ్న, టాకీల సంగతి. అప్పటికి ఆమె అర్దేషిర్ ఇరానీ ఇంపీరియల్ కంపెనీలో ఉంది. 'ఆలం ఆరా' తీసింది కూడా ఆ కంపెనీయే, 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదల. కంపెనీలో అందరికంటే పెద్ద స్టార్ సులోచనే అయినా హీరోయిన్ వేషం జుబేదాకి వెళ్ళింది, ఎందుకంటే సులోచనకి హిందూస్తానీ సరిగా పలకదు. ఇంతవరకూ మీ వీడియో చెప్పింది కరెక్టే. ఆ తర్వాత జరిగింది అతను ఎగ్గొట్టాడు. ఆమె ఏడాది పాటు సినిమాలు మానేసి హిందూస్తానీ నేర్చుకుంది. 1932లో తన మూకీ హిట్ 'మాధురి'నే టాకీగా మళ్ళీ తీయించి వచ్చింది. అది ఆడింది. అక్కడ్నుంచి తన పాత మూకీలను ఒక్కొక్కటే మాట్లాడించుకుంటూ పోయింది. ఇందిరా బి.ఎ. ఉన్నది ఇందిరా ఎం.ఎ. అయింది (చదువు పెరిగింది చూశారా), 1928 'అనార్కలి' 1935లో మళ్ళీ వచ్చింది, వైల్డ్‌క్యాట్ కాస్తా 1936లో 'బంబై కీ బిల్లీ' అయింది. 1933లో ఏకంగా 'సులోచన' అని తన పేరుతోనే ఒక సినిమా. నెలకు 5,000 జీతం, షెవర్లే కారు, సొంతంగా రూబీ పిక్స్ అని కంపెనీ, ఇవన్నీ టాకీలు వచ్చాకే. కెరీర్ అయిపోయినవాళ్ళ లెక్క ఇలా ఉంటుందా?

లెక్కల_మాస్టారు:

పాతరీలు గారు బాగా రాశారు. ఆ గవర్నర్ జీతం ముక్క గురించి మాత్రం నేనొక మాట. ఈ గవర్నర్ కథ ఎక్కడ చూసినా కాపీ పేస్ట్ అవుతుంది, ఎవరూ లెక్క వేయరు. 1935 భారత ప్రభుత్వ చట్టం షెడ్యూల్లో గవర్నర్ల జీతాలు అచ్చువేసి ఉన్నాయి (గ్రూప్స్ బాబూ, ఇది నీకూ పనికొస్తుంది). బొంబాయి, మద్రాసు, బెంగాల్, యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నర్లకి ఏడాదికి 1,20,000 రూపాయలు. అంటే నెలకు పదివేలు. ఆమెది ఐదువేలు. సగం! కంపెనీ పబ్లిసిటీ వాళ్ళు ఎవరో వదిలిన మాట అయ్యుంటుంది, అది వందేళ్ళుగా తిరుగుతోంది. ఒరిస్సా గవర్నర్‌కి ఏడాదికి 66,000, నెలకు 5,500. ఆయనతో పోటీ పెడితే కొంచెంలో తప్పిపోయింది అనుకోవచ్చు.

తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఆ రోజుల్లో ఒక ఆడది, అదీ ముప్పై ఏళ్ళ లోపు, నెలకు ఐదువేలు తీసుకుందంటే మామూలు విషయం కాదు. గవర్నర్‌ని లాక్కురాకుండానే చాలా గొప్ప.

పాతరీలు:

మాస్టారూ, దెబ్బ కొట్టారు. నేనూ ఇన్నాళ్ళు నమ్మాను, ఒకచోట రాశాను కూడా. దిద్దుకుంటా.

మళ్ళీ_గ్రూప్స్:

వావ్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. థాంక్యూ సార్. ఒక డౌటు. హిందీ రాకపోతే 'ఆలం ఆరా'కి ముందే రెండు నెలలు నేర్పించుకోవచ్చు కదా? ఇంకోటి, మరి అంత పెద్ద స్టార్ చివరికి ఎందుకు కనిపించకుండా పోయింది? నాకు మా తాతయ్య వల్ల కన్నాంబ పేరు తెలుసు, కాంచనమాల తెలుసు. ఈమె పేరు ఎప్పుడూ వినలేదు.

కెమెరా_కన్ను:

మాట నేర్చుకుంటే సరిపోయేది కాదు, అందుకే. 1931లో ప్లేబ్యాక్ లేదు, అది 1935 నాటికి గానీ రాలేదు. 'ఆలం ఆరా'లో ఏడు పాటలు. నటులే కెమెరా ముందు నిలబడి పాడాలి, మైకు చెట్టు చాటునో కుండీ చాటునో దాస్తారు, మాటా బొమ్మా ఒకేసారి ఒకే ఫిల్మ్ మీద ఎక్కాలి. ఎవడైనా తుమ్మితే టేకు పోయినట్టే. పైగా ఇంపీరియల్ స్టూడియో పక్కనే రైలు పట్టాలు, అందుకని రైళ్ళు ఆగే అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి నాలుగు దాకా షూటింగ్ చేసేవాళ్ళు. అలాంటి చోట మాట తడబడే హీరోయిన్‌ని పెట్టుకుని రిస్క్ చేయడానికి ఇరానీ ఏమన్నా పిచ్చివాడా.

మూకీలో దీనికి పూర్తిగా ఉల్టా. కెమెరా తిరుగుతుంటే డైరెక్టర్ పక్కనుంచి "ఇటు చూడు, ఏడు, ఇప్పుడు కోపం" అని అరుస్తూనే ఉంటాడు. పెదవులు ఏ భాషలో కదిలినా ఎవడికి కావాలి? మాటలు టైటిల్ కార్డుల మీద వస్తాయి, హాల్లో ఒక మనిషి వాటిని పైకి చదివి వినిపిస్తాడు, పక్కన హార్మోనియం, తబలా. ఒక యూదుల అమ్మాయి పంజాబ్ నుంచి మద్రాసు దాకా అందరికీ సొంత మనిషి అయిపోయిందంటే అందుకే. ఆ కాలం హీరోయిన్లలో సీతాదేవి అసలు పేరు రెనీ స్మిత్, పేషెన్స్ కూపర్ అయితే అసలు పేరే, వీళ్ళు ఆంగ్లో ఇండియన్లు. మన ఇళ్ళ ఆడవాళ్ళు రాలేదు కాబట్టి వీళ్ళు వచ్చారు, మూకీ కాబట్టి నిలబడ్డారు.

దీన్లో మా కెమెరా వాళ్ళ పాపం కూడా కొంచెం ఉంది. ఆ రోజుల్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు. పెదవులు నల్లగా పడతాయి, చామనచాయ మొహం ఉన్నదానికన్నా నల్లగా వస్తుంది, అందుకని అందరికీ గోడకి సున్నం కొట్టినట్టు మేకప్. తెల్లగా ఉన్నవాళ్ళకి ఆ బాధ తక్కువ. హీరోయిన్ అంటే తెల్లగా ఉండాలి అనే జబ్బు ఫిల్మ్ వల్లే వచ్చిందని అనను, అది ముందే ఉంది. ఫిల్మ్ దానికి ఇంకాస్త తోడైంది, అంతే.

పాతరీలు:

కెమెరా కన్ను గారు మొదటి డౌటు తీర్చేశారు, రెండోది నేను చెప్తా. నా లెక్కలో ఆమెను దించింది టాకీ కాదు. 1933 నుంచి 39 దాకా ఆమె డి. బిలిమోరియా అనే హీరోతో తప్ప ఇంకొకరితో వేయలేదు. తెర మీద జంట, తెర బయట కూడా ప్రేమ. జనం వెర్రెత్తిపోయి చూశారు. ఆ జంట విడిపోయాక ఇద్దరికీ వేషాలు తగ్గాయి, ఆమె ఒక్కదానికే కాదు. 1938లో ఇంపీరియల్ మూతపడింది. అప్పట్లో స్టార్ అంటే కంపెనీ జీతగత్తె, కంపెనీ ఉంటేనే కథలూ పోస్టర్లూ. పైగా ముప్పై దాటింది, పాడగలిగిన కొత్త పిల్లలు వెనకనుంచి వచ్చేశారు. ఇన్ని ఒకేసారి మీద పడ్డాయి. 'హిందీ రాక పోయింది' అనేది చెప్పడానికి తేలికైన కథ కాబట్టి అది మిగిలింది.

ఆ తర్వాత కూడా ఇంటికి వెళ్ళిపోలేదు. చిన్నవో పెద్దవో వేషాలు వేస్తూనే ఉంది. 1947 'జుగ్ను'లో వయసు మళ్ళిన ప్రొఫెసరు ఈమె మీద మనసు పడతాడు, అది నీతి కాదని బొంబాయి ప్రభుత్వం ఆ సినిమానే ఆపేసింది. నలభై ఏళ్ళ వయసులో ఆ ఘనత ఎంతమంది హీరోయిన్లకి ఉంది!

నాకు అన్నిటికన్నా గుండె కలుక్కుమనిపించేది 'అనార్కలి'. 1928లో ఈమే అనార్కలి, అదీ లాహోర్ కంపెనీ సీతాదేవితో అదే కథ తీస్తుంటే ఇంపీరియల్ వాళ్ళు పోటీకి హడావుడిగా తీసింది. 1935లో టాకీ, మళ్ళీ ఈమే అనార్కలి. 1953లో ఫిల్మిస్తాన్ వాళ్ళు మళ్ళీ తీశారు. ఈసారి బీనా రాయ్ అనార్కలి, ఈమె సలీం తల్లి. రెండు సార్లు ప్రియురాలిగా వేసిన కథలోనే మూడోసారి ఆ ప్రియుడికి అమ్మ. దాని డైరెక్టర్ ఎవరనుకున్నారు, నందలాల్ జస్వంత్‌లాల్. ఇందిరా ఎం.ఎ., బంబై కీ బిల్లీ తీసినాయనే, అంటే ఆమెను హీరోయిన్‌గా నడిపించిన మనిషే. ఆ సెట్ మీద వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అని నేను చాలాసార్లు అనుకుంటా.

1973 ఫాల్కే. తర్వాత పదేళ్ళకి, 1983 అక్టోబర్ 10న బొంబాయిలో తన ఫ్లాట్‌లో చనిపోయింది.

బందరు_లడ్డు:

సరే మరి, ఆ ఎనిమిది వేషాల సినిమా యూట్యూబ్‌లో ఉందా? ఆ హైదరాబాదీ పెద్దమనిషిని చూడాలి అర్జెంటుగా 😄

పాతరీలు:

లేదు లడ్డు గారూ. మన దేశంలో మూకీలు 1,300 దాకా తీశారు, ఇప్పుడు మిగిలినవి, ముక్కలూ చెక్కలూ కలిపి లెక్కేసినా, కొన్ని పదులు. అది నైట్రేట్ ఫిల్మ్, ఊరికే అంటుకుంటుంది. తగలబడనివాటిని వెండి కోసం కరిగించారు. ప్రభుత్వం ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, పూణేలో. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 'ఆలం ఆరా'కే దిక్కులేదు, టాకీ అయ్యుండీ. ఈమెను కదులుతూ చూడాలంటే ఆ 1953 'అనార్కలి' దొరుకుతుంది, అందులో చూసుకోండి.

సురభి_వారసులం:

తెలుగు వైపు నుంచి రెండు ముక్కలు కలుపుతా, ఎవరూ అనలేదు కాబట్టి. రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాశ్ 1921లో మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినప్పుడు గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే తెల్లమ్మాయి. మన గంగమ్మ కూడా దొరసానే! పదేళ్ళ తర్వాత హెచ్.ఎం. రెడ్డి గారు 'భక్త ప్రహ్లాద' (1932) తీశారు, తీసింది ఎక్కడ? ఇదే ఇంపీరియల్ స్టూడియోలో, బొంబాయిలో. సులోచన హిందూస్తానీ నేర్చుకుని తిరిగొచ్చిన సంవత్సరమే, ఆ గోడల మధ్యే మన లీలావతి పాడింది. లీలావతి ఎవరు, సురభి కమలాబాయి గారు. నాటకాల్లో పుట్టి పెరిగిన మనిషి, పద్యం ఎత్తుకుంటే వెనక వరసకి కూడా వినపడాలి. మైకు రాగానే ఆ గొంతులకే గిరాకీ వచ్చింది. పెగ్గీ కాస్టెల్లో స్థానంలో కమలాబాయి రావడంలోనే మొత్తం కథ ఉంది.

అలాగే పైడి జైరాజ్. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి వెళ్ళి మూకీల్లో హీరో అయ్యాడు, టాకీలు వచ్చినా ఆగలేదు. హైదరాబాద్‌లో చదివిన కుర్రాడికి ఉర్దూ ఒకరు నేర్పాలా? సులోచన ఏడాది కూర్చుని నేర్చుకున్నది ఆయనకి వీధిలోనే వచ్చింది. 1980 ఫాల్కే ఆయనదే.

మళ్ళీ_గ్రూప్స్:

జైరాజ్ గారి పేరు కూడా నేను తిప్పలు పడే లిస్టులోనే ఉంది!! ఇక మరిచిపోను.

లెక్కల_మాస్టారు:

బాబూ, ఇంకో చిట్కా రాసుకో. 73 సులోచన, 75 ధీరేన్ గంగూలీ, 76 కానన్ దేవి, 80 జైరాజ్. నలుగురూ మూకీల్లో మొదలుపెట్టినవాళ్ళే. గంగూలీ అయితే మన హైదరాబాద్‌లోనే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు, 1924లో 'రజియా బేగం' ఆడించాడని నిజాం ఊరు వదిలి పొమ్మన్నాడు. 73కీ 75కీ మధ్యలో 74 బి.ఎన్. రెడ్డి గారు టాకీ మనిషి. అలా గుర్తుపెట్టుకో.

మళ్ళీ_గ్రూప్స్:

అప్‌డేట్: ఇవాళ మాక్ టెస్టులో ఫాల్కే మీద ఒక్క బిట్ రాలేదు 😭 గవర్నర్ల మీద రెండు వచ్చాయి, జీతం మాత్రం అడగలేదు మాస్టారూ.

రాత్రి మాత్రం 1953 'అనార్కలి' పెట్టా. అమ్మ వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి చూసి, "ఇందులో అంజలీదేవి ఏదిరా?" అంది. ఇది తెలుగుది కాదమ్మా, హిందీది అని చెప్పా. సలీం తల్లి వచ్చినప్పుడు ఆపి, ఈమె పాతికేళ్ళ ముందు అనార్కలిగా వేసింది తెలుసా అన్నా. అమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి చూసి, "అవున్రా, ఆ కళ్ళు చూడు" అని, గ్యాస్ మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.